లో వోల్టేజీ జిల్లాలో ఎల్ఈడీ బల్బు

ఎల్ఈడీ బల్బు గురించి ఎవరు మాట్లాడినా కరెంటు బిల్లు దగ్గరే మొదలుపెడతారు. డబ్బా మీద కూడా అదే, ఎనభై శాతం ఆదా, తొంభై శాతం ఆదా అని పెద్దక్షరాలు. అబద్ధమని అనను గానీ, అనంతపురం జిల్లాలో పెరిగినవాణ్ని కాబట్టి నాకు అది రెండో మాట. మా దిక్కు ఇళ్లలో దీపంతో ఉన్న పెద్ద బాధ అది కరెంటు ఎక్కువ తాగడం కాదు, సాయంత్రమయ్యేసరికి దానికి తాగేంత కరెంటు రాకపోవడం. ఎల్ఈడీ మొదట తీర్చింది ఆ బాధ. బిల్లులో మిగులు కూడా ఉంది, లెక్క కింద వేశాను, కానీ కొన్ని ఇళ్లలో అది ఉత్త పదీ ఇరవై రూపాయల ముచ్చట.

లో వోల్టేజీ అంటే ఏంటో టౌనులో అపార్టుమెంట్లలో పెరిగిన పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం చెప్తాను. ఒకప్పుడు పల్లెల్లో ఇళ్లకీ బోరు మోటార్లకీ ఒకే లైను. త్రీ ఫేజ్ కరెంటు ఇచ్చిన గంటల్లో ఊరి చుట్టూ ఉన్న మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయ్యేవి, ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నాక మనిషి పొలంలో లేకపోయినా అవే తిరగడం మొదలుపెట్టేవి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను కొసన ఉన్న ఇళ్లకు 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే గొప్ప. ఫిలమెంటు బల్బుకు అది ఎంత దెబ్బో లెక్క చూస్తే తప్ప నమ్మరు. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు ఐదో వంతు తగ్గి ఊరుకోదు, సగానికి పైగా పోతుంది. అరవై వాట్ల బల్బు పేరుకు వెలుగుతూనే ఉంటుంది, లోపల తీగ మాత్రం ఎర్రగా కనబడుతూ ఉంటుంది, ఆ వెలుగులో పుస్తకం చదవాలంటే బల్బు కిందికి జరిగి కూర్చోవాలి. ట్యూబులైటుది ఇంకో కథ. దానికి తగినంత వోల్టేజీ లేకపోతే అసలు అంటుకోదు. రెండు కొసల్లో ఎర్రగా కాలుతూ, మధ్యలో నల్లగా, స్టార్టరు టిక్కుటిక్కుమంటూ ఉంటే, ఇంట్లో ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి స్టార్టరును తిప్పడమో ట్యూబును సున్నితంగా తట్టడమో చేసేవాళ్లు. పదో తరగతి పరీక్షలు ఎప్పుడొస్తాయి? ఎండలు ముదిరి, లోడు పెరిగి, వోల్టేజీ పడిపోయే కాలంలోనే కదా.

ఎల్ఈడీ బల్బు లోపల డ్రైవర్ అని చిన్న సర్క్యూట్ ఉంటుంది. వెలుగిచ్చే చిప్పులకు ఎంత కరెంటు కావాలో అంతే పంపడం దాని పని, బయట వోల్టేజీ కిందికి పోయినా పైకి పోయినా అది సర్దుకుంటుంది. మంచి బల్బు డబ్బా మీద 100 నుంచి 300 వోల్టుల వరకు పనిచేస్తుందని అచ్చువేసి ఉంటుంది. అంటే 160 వోల్టులు వచ్చే ఇంట్లో కూడా 9 వాట్ల బల్బు తన వెలుగు తాను పూర్తిగా ఇస్తుంది. పక్కింట్లో మోటారు ఆన్ చేస్తే మనింట్లో దీపం మసకబారడమనేది ఒక తరానికి రోజూ ఉన్న వింత, ఇప్పటి పిల్లలకు అది తెలియదు. వ్యవసాయ ఫీడర్లు, అంటే పొలాలకు వెళ్లే లైన్లు, వేరు చేశారు, పగటిపూట 9 గంటల కరెంటు అన్నారు, దానివల్ల కూడా పరిస్థితి చాలా మెరుగైంది, ఆ మాట దాచకూడదు. అయినా ఏప్రిల్ నెలలో రాత్రి ఎనిమిదికి ఏసీలన్నీ ఆన్ అయ్యాక టౌనులో కూడా కొన్ని వీధుల్లో ఫ్యాను నెమ్మదించడం చూస్తూనే ఉన్నాం. ఫ్యాను నెమ్మదిస్తుంది, లైటు మారదు.

ఇంక కరెంటు పోతే? దీన్ని బిల్లు కన్నా ముందు చెప్పాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో సాధారణంగా 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉంటుంది. 12 వోల్టులతో గుణిస్తే కాగితం మీద 1800 వాట్ అవర్లు, కానీ బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది, కాబట్టి చేతికొచ్చేది ఓ 1100 అనుకోండి. పాత ట్యూబులైటు 36 వాట్లదే అయినా రాగి చోక్‌తో కలిపి 50 దాకా లాగుతుంది. మూడు ట్యూబులైట్లు, రెండు పాత ఫ్యాన్లు పెడితే 300 వాట్లు, నాలుగు గంటలు కూడా రాదు. ఆ మూడు ట్యూబుల చోట 20 వాట్ల ఎల్ఈడీ పట్టీలు పెడితే 210, ఐదు గంటలు దాటుతుంది. ఫ్యాన్లు కూడా తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ రకానివి మార్చుకుంటే 120 వాట్లలో అన్నీ అయిపోతాయి, తొమ్మిది గంటలు, రాత్రంతా అన్నమాట. బ్యాటరీ మార్చలేదు, డిస్టిల్డ్ వాటర్ పోయడం మానలేదు, లైట్లూ ఫ్యాన్లూ మార్చాం అంతే. ఇన్వర్టర్ కొనలేనివాళ్లకు బల్బులోనే చిన్న బ్యాటరీ పెట్టి అమ్ముతున్నారు, మామూలు హోల్డర్‌లో పెడితే చాలు, కరెంటు పోయాక కూడా మూడు నాలుగు గంటలు వెలుగుతుంది. ఇది ఫిలమెంటు బల్బుతో ఊహించలేం, 60 వాట్లను మోసే బ్యాటరీ బల్బు లోపల పట్టదు కదా. కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని, తెల్లారి ముక్కులో మసి కడుక్కున్నవాళ్లకు ఈ బల్బు విలువ నేను చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు బిల్లు. నాలుగు అరవై వాట్ల బల్బులు రోజుకు ఐదు గంటలు వెలిగే ఇల్లు తీసుకుందాం. నెలకు 36 యూనిట్లు. అవే నాలుగు 9 వాట్ల ఎల్ఈడీలైతే ఐదున్నర యూనిట్ల లోపే. తేడా ముప్పై యూనిట్లు. ఆ ముప్పై యూనిట్ల ధర ఇంటింటికీ మారుతుంది, అసలు కిటుకు ఇక్కడే. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90, అక్కణ్నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. మనం తగ్గించుకునే యూనిట్లు ఎప్పుడూ పై మెట్టు నుంచే తగ్గుతాయి. నెలకు 260 యూనిట్లు కాల్చే ఇంట్లో ముప్పై తగ్గితే 260 రూపాయల పైన మిగులుతుంది. 150 కాల్చే ఇంట్లో 175 దాకా. 70 యూనిట్ల ఇంట్లో 90 రూపాయలు. కానీ ఇప్పుడు ఫిలమెంటు బల్బులు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? ట్యూబులైటు తీసి ఎల్ఈడీ పట్టీ పెట్టినవాళ్లకు రోజుకు ఆరు గంటల చొప్పున ఒక్కో ట్యూబుకు నెలకు ఐదున్నర యూనిట్లు మిగులుతాయి, ముప్పై నలభై రూపాయలు. సీఎఫ్ఎల్ తీసి ఎల్ఈడీ పెట్టినవాళ్లకైతే 15 వాట్ల నుంచి 9 వాట్లకు, ఒక్కో బల్బుకు నెలకు ఓ యూనిట్టే మిగులుతుంది. కాబట్టి సీఎఫ్ఎల్ బాగా వెలుగుతుంటే దాన్ని పోయేదాకా వాడుకోండి, పోయాక పగలగొట్టకుండా పారేయండి, లోపల కొంచెం పాదరసం ఉంటుంది. ట్యూబులైట్లలోనూ ఉంటుంది. మా వీధిలో పిల్లలు పాత ట్యూబులతో కత్తియుద్ధం చేసేవాళ్లు, పెద్దవాళ్లు గాజు గుచ్చుకుంటుందని తిట్టేవాళ్లే గానీ లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

బిల్లు గురించి ఇంకొక్క మాట. ఇంట్లో బల్బులన్నీ ఎల్ఈడీ చేశాం, బిల్లు తగ్గలేదేమని అడిగేవాళ్లను పైకి చూడమంటాను. అక్కడ తిరిగే పాత ఫ్యాను 75 వాట్లు. అనంతపురంలో ఫ్యాను ఆపేది ఎన్ని నెలలు? రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్క ఫ్యానే నెలకు 34 యూనిట్లు లాగుతుంది, నాలుగు పాత బల్బులంత.

బిల్లు లెక్కలో ఎవరూ పట్టించుకోని దొంగ ఒకటుంది, జీరో బల్బు. పేరులోనే జీరో కాబట్టి కరెంటు తీసుకోదని మన అమ్మమ్మలు నమ్మారు, మనమూ నమ్మాం. నిజానికి పాత జీరో బల్బు 10 నుంచి 15 వాట్లు. అంత చిన్న లోడుకు అప్పటి చక్రం మీటర్లు సరిగా కదిలేవి కావు, అందుకని ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పటి డిజిటల్ మీటరు దేన్నీ వదలదు. దేవుడి గూట్లోనో పడకగదిలోనో రాత్రంతా వెలిగే 15 వాట్ల ఎర్ర బల్బు నెలకు నాలుగున్నర యూనిట్లు. దాని బదులు అర వాటు ఎల్ఈడీ నైట్ ల్యాంపు పెడితే ఏడాది పొడుగునా రాత్రిపూట వెలిగించినా రెండు యూనిట్లు కాదు.

మా జిల్లాకు ఎల్ఈడీలు రావడంలో ఒక విశేషముంది, అది కూడా చెప్పుకోవాలి. 2014-15లో కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ ఈ బల్బుల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో అనంతపురం ఒకటి, మిగతావి గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం. రెండు పాత బల్బులు ఇస్తే ఒక్కోటి పది రూపాయలకు రెండు ఎల్ఈడీలు. 2015 జనవరి 5న ఇదే పద్ధతి దేశమంతటికీ ప్రకటించారు, తర్వాత ఉజాలా అని పేరు పెట్టారు. నాకు ఇందులో నచ్చింది పది రూపాయలు కాదు. సర్కారు ఒకేసారి కోట్లలో కొనడంతో కంపెనీలు పోటీపడి ధర దించాల్సి వచ్చింది. 2014 మొదట్లో ఒక్కో బల్బు 310 రూపాయలకు కొన్న సంస్థ 2016 వచ్చేసరికి 38 రూపాయలకు కొంది. దేశం మొత్తంమీద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. సబ్సిడీ ఇచ్చి ధర తగ్గించడం వేరు, సరుకు ధరే పడిపోయేలా కొనడం వేరు, రెండోది మన దగ్గర అరుదుగా జరుగుతుంది. రాజకీయంగా ఎవరి ఖాతాలో వేసుకుంటారో వేసుకోండి.

ఇక్కడిదాకా పొగిడాను కాబట్టి ఇప్పుడు తిట్టొచ్చు. ఎల్ఈడీని కాదు, మనం దాన్ని వాడే తీరుని.

మన ఇళ్లలో నూటికి తొంభై బల్బులు 6500 కెల్విన్ తెలుపు, కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత. డబ్బా మీద కూల్ డే లైట్ అని ఉంటుంది. పడకగదిలో అదే, పడసాలలో అదే, వంటింట్లో అదే, పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల మొహాల మీదా అదే. తెల్ల ఎల్ఈడీ లోపల నిజానికి ఉండేది నీలం చిప్పు, దానిమీద పసుపు ఫాస్ఫర్ పూత, రెండూ కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలం ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమనో, నకమురాలకే 2014లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది. పూత పలచగా ఉంటే నీలం పాలు ఎక్కువ, అది 6500. పూత దట్టంగా ఉంటే 2700, 3000, అంటే పాత బల్బు లాంటి వెచ్చని రంగు. వాట్లు ఒకటే, ధర ఒకటే. మధ్యలో 4000 కూడా దొరుకుతుంది. అయినా అనంతపురం టౌనులో పాతూరు వైపు ఒక షాపులో పసుపు రంగుది అడిగితే ఏం జవాబొచ్చిందో వినండి.

"పసుపుదా? అది హోటళ్లకన్నా. ఇంట్లో పెట్టుకుంటే లో వోల్టేజీ అనుకుంటారు."

నవ్వొచ్చింది గానీ ఆయన చెప్పింది ఉత్తమాట కాదు. పసుపు వెలుగంటే మనకు లో వోల్టేజీ, తెల్ల వెలుగంటే నిండు కరెంటు. ఇరవై ఏళ్లు ఎర్రటి తీగ కింద చదువుకున్నవాళ్లు కళ్లు జిగేల్మనే తెలుపు కొనుక్కుంటారు, అందులో తప్పు పట్టలేం. నేను మాత్రం పడకగదికి 3000దే పెట్టమంటాను, రాత్రిపూట నీలం పాలు ఎక్కువున్న వెలుగు నిద్రను వెనక్కి నెడుతుంది. ఇంకో లాభం, తొలకరి పడ్డాక ఉసిళ్లు లైటు చుట్టూ చేరతాయి కదా, వెచ్చని రంగు లైటుకు తెల్ల లైటు కన్నా తక్కువగా వస్తాయి. అసలు రావని కాదు. వాకిట్లో ఒకటి పెట్టి చూడండి.

రంగుల విషయంలో ఎల్ఈడీ ఓడిపోయే చోటు ఒకటుంది, అది ధర్మవరం వాళ్లను అడిగితే తెలుస్తుంది. అక్కడ చాలా ఇళ్లలో ఇల్లే పని చోటు, గుంతమగ్గం ఇంట్లోనే. నేసేవాళ్లకు పోగు తెగితే కనబడాలి, జరీ ఎక్కడ వదులైందో కనబడాలి, లక్క రంగుకూ మెరూనుకూ తేడా కనబడాలి. వస్తువుల రంగును దీపం ఎంత నిజంగా చూపిస్తుందో కొలిచే కొలత సీఆర్ఐ. ఫిలమెంటు బల్బుకు అది దాదాపు 100. మామూలు ఎల్ఈడీకి 80 దాకా ఉంటుంది, చవకవాటికి ఇంకా తక్కువ, ముఖ్యంగా ఎరుపులు చచ్చిపోతాయి. ఎంత మెరిసే షోరూములోనైనా మన ఆడవాళ్లు చీరను గడప దాకా తీసుకెళ్లి ఎండలో పట్టి చూస్తారు, అది చాదస్తం కాదు, దీపాన్ని నమ్మకపోవడం. 90 సీఆర్ఐ ఉన్న ఎల్ఈడీలు దొరుకుతాయి, ధర కొంచెం ఎక్కువ, చిన్న షాపుల్లో అడిగితే తెప్పించాలి. మగ్గం మీదికీ, టైలరింగ్ మిషన్ మీదికీ, అద్దం ముందరికీ అవే పెట్టుకోవాలి. ఇల్లంతటికీ అక్కర్లేదు.

వంటింటి మాట ఒకటి. మా వైపు వంటింట్లో బండ నల్ల కడప రాయి, గ్యాసు పొయ్యి గోడ వారన, లైటేమో గది మధ్యలో వంట చేసేవాళ్ల వీపు వెనక. వాళ్ల నీడే వాళ్ల కత్తి మీద పడుతుంది, నల్లరాయి ఉన్న వెలుగును కూడా మింగేస్తుంది. వెలుగు చాలడం లేదని 9 వాట్ల చోట 15 పెడతారు, నీడ ఇంకా నల్లబడుతుంది. ఎల్ఈడీతో వచ్చిన నిజమైన సదుపాయం, దీపాన్ని పని దగ్గరికే తీసుకెళ్లొచ్చు. పొయ్యి పైన అలమర కింద ఒక అడుగు పొడవున్న 5 వాట్ల పట్టీ అతికిస్తే చాలు. అరవై వాట్ల బల్బును అక్కడ పెట్టలేం, తీసుకున్న కరెంటులో తొంభై శాతానికి పైగా వేడి కిందే పోతుంది దానిది, చెక్క మాడుతుంది, మొహం మాడుతుంది.

అలాగని ఎల్ఈడీ వేడెక్కదని అనుకోవద్దు. మొత్తం కరెంటు తక్కువ కాబట్టి వేడి తక్కువ, అంతే, ఆ వేడంతా బల్బు మెడ దగ్గర చేరుతుంది, డ్రైవర్ ఉండేది సరిగ్గా అక్కడే. డ్రైవర్‌లో ఉండే కెపాసిటర్‌కు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. 42 డిగ్రీల ఎండ తాగిన స్లాబు కింద, మూతపెట్టిన గాజు గోళంలో బల్బును బంధిస్తే 25,000 గంటలన్నది ఎక్కడ వస్తుంది? ఎల్ఈడీ బల్బులు ఏడాదికే పోతున్నాయని తిట్టేవాళ్ల ఇళ్లలో సగం సార్లు పోయింది చిప్పు కాదు, డ్రైవర్. మిగతా సగం, వంద వోల్టుల నుంచి పనిచేసే డ్రైవర్ లేకుండా, 220-240 అని మాత్రమే రాసి ఉన్న సరుకు కొనడం. అందులో చిప్పుల ప్లేటు మీదే రెండు మూడు భాగాలు అతికించి డ్రైవర్ అయిందనిపిస్తారు. వోల్టేజీ తగ్గితే అది కూడా మసకబారుతుంది, న్యూట్రల్ ఊడి వోల్టేజీ ఎగిస్తే మాడుతుంది, పైగా సెకనుకు వందసార్లు మిణుకుతూ ఉంటుంది, కంటికి తెలియదు గానీ ఫోను కెమెరా పెట్టి చూస్తే నల్లటి పట్టీలు పాకుతూ కనబడతాయి. మనకు లో వోల్టేజీ జిల్లాలో ఎల్ఈడీ వల్ల ఉన్న ఒకే ఒక పెద్ద లాభాన్ని ఆ ముప్పై రూపాయల బల్బు ఎగ్గొట్టేస్తుంది.

పోయిన బల్బును విప్పి, నల్లచుక్క పడ్డ చిప్పు మీద సోల్డరింగ్ చుక్క పెట్టి మళ్లీ వెలిగించేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. చిప్పులన్నీ వరుసలో ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి, ఆ ఒక్కదాన్ని దాటేస్తే మిగతావి వెలుగుతాయి. చవక డ్రైవర్ ఉన్నదాంట్లో ఆ భారం మిగతావాటి మీద పడి అవీ ఒక్కొక్కటే రాలతాయి. బాత్‌రూము బల్బుకైతే ఫరవాలేదు, వాడుకోండి, ప్లాస్టిక్ గుండు మాత్రం సరిగా మూసి పెట్టండి.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ సన్నగా వెలుగుతోందని చాలామంది అడుగుతుంటారు. దెయ్యం కాదు. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా కొంచెం కరెంటు పారుతుంది, అది ఫిలమెంటు బల్బుకు చాలదు, ఎల్ఈడీకి చాలు. ఇండికేటర్ లేకుండా కూడా వెలుగుతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, వైరింగులో ఫేజుకు పెట్టాల్సిన స్విచ్‌ను న్యూట్రల్‌కు పెట్టి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే, బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది.

కొనేటప్పుడు వాట్లు అడగడం మానేసి లూమెన్లు, అంటే వెలుగు ఎంతో, అడగండి. 9 వాట్ల బల్బు 900 ఇవ్వాలి, 700 అని రాసి ఉంటే పక్కన పెట్టండి. తర్వాత వోల్టుల రేంజి, తర్వాత కెల్విన్, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఎలాగూ ఉండాలి. వారంటీ రెండేళ్లని డబ్బా మీద ఉంటే బిల్లు అడిగి తీసుకోండి. మా వైపు షాపుల్లో బిల్లు ఇచ్చే అలవాటు తక్కువ, బల్బు మెడ మీదే స్కెచ్ పెన్నుతో తేదీ రాసిస్తారు. వేడికి ఆ సిరా ఏడాదిలో చెరిగిపోతుంది, రాసిన వెంటనే ఫోనులో ఫోటో తీసుకోండి.